పన్ను పోటును మాత్రలతో నెల రోజులు నెట్టుకురావచ్చా? బెంగళూరులో తక్కువ ఖర్చుతో వైద్యం ఎలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ముందుగా క్లుప్తంగా చెప్తాను. ఎడమవైపు కింది దవడ పన్ను మూడు రాత్రులుగా మిమ్మల్ని నిద్ర పోనివ్వడం లేదు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్, నొప్పి మాత్రలతో కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతోంది. మారతహళ్ళిలో మీ పీజీ హాస్టలుకు దగ్గరున్న క్లినిక్‌లో రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసి వేర్లను నింపే చికిత్స), ఆ పన్ను మీద తొడిగే క్యాప్ కలిపి 14,000 రూపాయలు అన్నారు. మీ జీతం 19,000 రూపాయలు. కంపెనీ ఇన్సూరెన్సు పళ్ళకు వర్తించదని ఆఫీసులో చెప్పారు. సంక్రాంతికి నంద్యాల వెళ్ళి అక్కడ చూపించుకునే వరకు మాత్రలతో నెట్టుకురావచ్చా, లేకపోతే ఇక్కడే తక్కువ ఖర్చుతో ఎక్కడ చేయించుకోవచ్చు, ఇటువంటి పరిస్థితి మళ్ళీ రాకుండా ఏం చేయాలి అని అడిగారు.

మాత్రలతో నెల గడపవద్దు. అలాగని 14,000 రూపాయలు ఈ వారమే సమకూర్చుకోవలసిన అవసరమూ లేదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. చాలామంది ఈ రెండింటినీ కలిపి చూసి, మొత్తం డబ్బు చేతికి వచ్చేదాకా డాక్టరు గడప తొక్కకుండా ఆగుతారు, ఆ ఆగడంలోనే పన్ను చేజారుతుంది. మీకు ఇప్పుడు అత్యవసరమైనది ఒక్కటే: ఆ పన్నును తెరిచి, లోపల వాచి ఉన్న నరాన్ని, అంటే పల్ప్ అనే మెత్తని కండను తీసి, పైన తాత్కాలిక సిమెంటు పెట్టించుకోవడం. ఇది రూట్ కెనాల్‌లో మొదటి సిట్టింగ్ మాత్రమే. మేముండే ప్రాంతంలోని చిన్న క్లినిక్కుల్లో కన్సల్టేషన్, ఎక్స్-రే, ఈ మొదటి సిట్టింగ్ కలిపి సాధారణంగా వెయ్యి నుంచి రెండు వేల రూపాయలలో అవుతుంది. డెంటల్ కాలేజీలో అయితే అంతకంటే చాలా తక్కువ. నొప్పి తొంభై పాళ్ళు ఆ రోజే పోతుంది. మిగిలిన పనిని, ఖర్చును తరువాతి వారాలకు సర్దుకోవచ్చు.

నేను బెంగళూరులో పదిహేనేళ్ళకు పైగా పళ్ళ వైద్యం చేస్తున్నాను. మా క్లినిక్‌కు వచ్చేవారిలో సగానికి సగం మన తెలుగువాళ్ళే. కాబట్టి మీ ప్రశ్నకు జవాబును కాస్త వివరంగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇదే సందేహంతో ఇంకా ఎందరో రాత్రిళ్ళు దవడ పట్టుకుని కూర్చుంటున్నారని నాకు తెలుసు.

మాత్రలు ఎందుకు పనిచేయవో మొదట చెప్తాను. పన్ను మధ్యలో ఉండే పల్ప్ చుట్టూ నాలుగు వైపులా గట్టి గోడలే. ఒంట్లో మరెక్కడైనా వాపు వస్తే చర్మం సాగి చోటు ఇస్తుంది, పన్నులో ఆ అవకాశం లేదు. పుచ్చు లోపలి వరకు చేరి పల్ప్ వాచినప్పుడు ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తప్రసరణ పెరుగుతుంది కనుక పోటు ఎక్కువవుతుంది, లేచి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే. కొందరు రోగులు మా దగ్గరికి చల్లని నీళ్ళ సీసా చేతిలో పట్టుకునే వస్తారు. రెండు నిమిషాలకొకసారి ఒక గుక్క నోట్లో పోసుకుని ఆ పన్ను మీదికి తెచ్చి పట్టి ఉంచుతారు, నీళ్ళు వేడెక్కగానే మళ్ళీ పోటు మొదలవుతుంది. చల్లటి నీటికి ఉపశమనం, వేడి టీకి విపరీతమైన పోటు అనే స్థితి వచ్చిందంటే లోపలి పల్ప్ ఆఖరి దశలో ఉన్నదని అర్థం. అది ఇక తనంతట తాను కోలుకోదు.

యాంటీబయాటిక్ మాత్ర రక్తం ద్వారా చేరవలసిన చోటికి చేరాలి. వాచి చచ్చిపోతున్న పల్ప్‌లోకి రక్తమే సరిగా వెళ్ళదు, కనుక మందు కూడా వెళ్ళదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి, వాపు గాని జ్వరం గాని లేని పంటి నొప్పికి, చికిత్స అందుబాటులో ఉన్నప్పుడు యాంటీబయాటిక్స్ ఇవ్వవద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. వాపు వ్యాపిస్తున్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు అవి నిజంగా అవసరమే, అయితే అప్పుడు కూడా చీము బయటికి వెళ్ళే దారి చేయడానికి తోడుగానే తప్ప దానికి బదులుగా కాదు. షాపులో చేతికి వచ్చిన నాలుగు మాత్రలు వేసుకుని, నొప్పి తగ్గగానే ఆపేయడం వల్ల మీకు మేలు లేకపోగా, నిజంగా అవసరం పడిన రోజున ఆ మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇంకొక మాట చాలా జాగ్రత్తగా చదవండి. వారం పది రోజులకు నొప్పి దానంతట అదే పూర్తిగా పోవచ్చు. అందరూ దాన్ని తగ్గిపోవడం అనుకుంటారు. నిజానికి పల్ప్ చచ్చిపోయింది కనుక నొప్పి తెలియడం లేదు. ఇన్ఫెక్షన్ మాత్రం వేరు కొన దాటి ఎముకలోకి నెమ్మదిగా వెళ్తూనే ఉంటుంది. కొన్ని వారాలకో, కొన్ని నెలలకో చిగురు మీద చిన్న చీము పొక్కుగానో, ఒక్క రాత్రిలో బుగ్గ ఉబ్బిపోవడంగానో అది బయటపడుతుంది.

ఈ కింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా డెంటల్ క్లినిక్ కోసం వెతకవద్దు, నేరుగా పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. దవడ కింద, గడ్డం కింద గట్టిగా వాపు రావడం, నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం, ఉమ్ము మింగలేక బయటికి కారడం, నాలుక పైకి నెట్టుకొచ్చినట్టు ఉండి మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం, పై పన్ను ఇన్ఫెక్షన్‌తో కన్ను మూసుకుపోయేంతగా వాపు రావడం, చలితో కూడిన జ్వరం రావడం. కింది దవడ చివరి పళ్ళ వేర్లు నాలుక కింది కండరానికి దిగువన ముగుస్తాయి. అందువల్ల అక్కడి చీము నేరుగా మెడలోకి దిగుతుంది, గొంతు చుట్టూ వాపు చేరితే శ్వాస మార్గమే మూసుకుపోతుంది. దీనినే లుడ్విగ్స్ ఆంజైనా అంటారు, ప్రాణాంతకం. ఊపిరి ఇబ్బంది ఉంటే 108కు ఫోన్ చేయాలి, లేదా అతి దగ్గర్లోని ఆసుపత్రికి చేరాలి. ఊపిరి బాగానే ఉండి వాపు మాత్రమే ఉంటే, మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఆసుపత్రికి వెళ్ళి, మ్యాక్సిలోఫేషియల్ సర్జన్, అంటే దవడకు, ముఖానికి ఆపరేషన్లు చేసే డాక్టరు, ఉన్నారా అని ముందే అడగండి. మామూలు డ్యూటీ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి పంపగలరు గాని, చీము తీయవలసింది ఆ సర్జనే.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్ దగ్గర కట్టడం పనిచేసే ఒక కుటుంబంలోని ఆవిడను ఇటువంటి స్థితిలోనే మా దగ్గరికి తెచ్చారు. జ్ఞానదంతం పక్క పన్ను నొప్పి పెట్టింది, మాత్రలతో తగ్గింది, మళ్ళీ వాచింది. ఇంట్లో పెద్దవాళ్ళు వేడి ఉప్పు మూటతో బుగ్గకు కాపడం పెట్టారు. ఆమెకు షుగర్ ఉన్న సంగతి ఆ రోజు మేము వేలికి సూది గుచ్చి చూసినప్పుడే అందరికీ తెలిసింది. వాపు గడ్డం కిందికి దిగి మెడ ఒకవైపు గట్టిగా చెక్కలా అయింది. నేను నోట్లో చేయి కూడా పెట్టకుండా ఆంబులెన్స్ పిలిపించి పంపాను. మెడ దగ్గర కోసి చీము తీసి, ఐసీయూలో ఉంచి, ఆ తరువాత పన్ను తీశారు. ఆవిడ బ్రతికి బయటపడ్డారు. మొదటి నొప్పి రోజునే పన్ను పీకించుకుని ఉంటే ఖర్చు ఒక రోజు కూలికి కాస్త పైన అయ్యేది. షుగర్ ఉన్నవారు, గర్భిణులు, క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడేవారు పంటి వాపును ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు.

డాక్టరు దగ్గరికి చేరేదాకా ఈ రాత్రి ఏం చేయాలి అన్నది కూడా చెప్పాలి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, రక్తం పలుచబరిచే మందుల వాడకం, గర్భం ఇవేవీ లేని పెద్దవారికి భోజనం తరువాత ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా., పారాసిటమాల్ 500 మి.గ్రా. కలిపి వేసుకుంటే పంటి నొప్పికి చాలా బాగా పనిచేస్తుంది, ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడం ఉండాలి. కాంబిఫ్లామ్‌లో ఈ రెండూ ముందే ఉన్నాయి, దాని మీద మళ్ళీ డోలో వేసుకుంటే పారాసిటమాల్ మోతాదు పెరిగిపోతుంది, లెక్క చూసుకోండి. కెటోరోలాక్ మాత్రలు ఐదు రోజులు మించి ఎవరూ వాడకూడదు, నెల రోజులు దాని మీద గడిపి రక్తం కక్కుకున్నవారిని చూశాను. డెంగ్యూ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోండి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించండి. లవంగ నూనెను దూది ముక్క మీద ఒక చుక్క వేసి పుచ్చు గుంటలో మాత్రమే పెట్టాలి, చిగుళ్ళ మీద పోస్తే కాలి పుండు పడుతుంది. మాత్ర నలిపి చిగురు మీద పెట్టడం, పిప్పి గుంటలో పొగాకు కుక్కడం, బయటి నుంచి కాపడం పెట్టడం మానుకోండి. వాపు ఉంటే గుడ్డలో చుట్టిన మంచుగడ్డను బుగ్గ మీద పెట్టుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. ముందుగా మీ జీతపు స్లిప్పు తీసి చూడండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి, కనీసం పది మంది పనిచేసే సంస్థలో ఉన్నవారు ఈఎస్ఐ, అంటే ప్రభుత్వ ఉద్యోగుల బీమా కాదు, కార్మికులకు, ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా పథకం కిందికి వస్తారు. జీతంలో 0.75 శాతం మీ వాటాగా, 3.25 శాతం యజమాని వాటాగా కడతారు. మీ 19,000 మీద అది నెలకు 142 రూపాయల చిల్లర. ఆ కోత మీ స్లిప్పులో ఉంటే మీకు పళ్ళ వైద్యం హక్కుగా వస్తుంది. కంపెనీ వారు చెప్పిన ఇన్సూరెన్సు వేరు, ఇది వేరు. మీ ఈఎస్ఐ నంబరు, పహచాన్ అనే ఈఎస్ఐ గుర్తింపు కార్డు తీసుకుని మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళితే, డెంటల్ విభాగం ఉన్న ఈఎస్ఐ ఆసుపత్రికి రాసిస్తారు. బెంగళూరులో రాజాజీనగర్, ఇందిరానగర్, పీణ్యలో ఈఎస్ఐ ఆసుపత్రులు ఉన్నాయి. కోత పడుతున్నా కార్డు ఇవ్వలేదంటే హెచ్ఆర్ వారిని ఈ రోజే అడగండి. సెక్యూరిటీ గార్డులు, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మన ఆడపడుచులు ఎందరో నెలనెలా ఈఎస్ఐ కడుతూనే, పన్ను నొప్పి వస్తే వడ్డీకి అప్పు తెచ్చి ప్రైవేటులో చూపించుకోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

ఈఎస్ఐ లేకపోతే రెండవ దారి డెంటల్ కాలేజీలు. కె.ఆర్. మార్కెట్ దగ్గర కోట ప్రాంతంలో, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మెట్రోలో గ్రీన్ లైన్ మీద కె.ఆర్. మార్కెట్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళవచ్చు. మీకు దగ్గరలో వైట్‌ఫీల్డ్‌లో వైదేహి, బొమ్మనహళ్ళిలో ఆక్స్‌ఫర్డ్, దూరమైనా ఫరవాలేదంటే విమానాశ్రయం దారిలో హుణసమారనహళ్ళి దగ్గర కృష్ణదేవరాయ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటు కాలేజీలలో కూడా ఖర్చు బయటి క్లినిక్కులలో అయ్యేదానిలో మూడో వంతో, నాలుగో వంతో ఉంటుంది, ఎందుకంటే వారికి విద్యార్థుల శిక్షణకు రోగులు కావాలి.

కాలేజీలో పని ఎలా జరుగుతుందో తెలియక చాలామంది మధ్యలో తిరిగి వచ్చేస్తారు. ఉదయం ఓపీ తెరిచే సమయానికే వెళ్ళాలి, ఆదివారాలు ఓపీ ఉండదు. చీటీ రాయించుకున్నాక మొదట ఓరల్ మెడిసిన్ విభాగంలో చూసి ఎక్స్-రే తీస్తారు. అక్కడి నుంచి, పన్ను నిలబెట్టగలిగితే రూట్ కెనాల్ చేసే ఎండోడాంటిక్స్ విభాగానికి, తీసేయవలసి వస్తే ఓరల్ సర్జరీకి పంపుతారు. "నాకు రాత్రి నిద్ర లేదు, ఈ రోజు నొప్పి తగ్గేలా పన్ను తెరిచి పెట్టండి, మిగతా సిట్టింగ్‌లకు మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను" అని స్పష్టంగా అడగండి. అలా అడగకపోతే, రద్దీలో మీకు పది రోజుల తరువాతి తేదీ రాసిచ్చే అవకాశం ఉంది. విద్యార్థులు చేస్తారని భయపడవద్దు. దవడ పళ్ళ రూట్ కెనాల్‌ను ఎక్కువగా బీడీఎస్ పూర్తిచేసి పై చదువు చదువుతున్న పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఒక్కొక్క మెట్టు దాటేముందు చూపించి సంతకం చేయించుకుంటారు. నెమ్మదిగా చేస్తారు కనుక మీకు పూట పోతుంది, పని నాణ్యత మాత్రం పోదు. వారిలో తెలుగు పిల్లలు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు, భాష ఇబ్బంది అని ఆగనక్కర లేదు.

కాలేజీకి సెలవు పెట్టే వీలు లేక ప్రైవేటు క్లినిక్‌కే వెళ్ళేటట్లయితే, కుర్చీలో కూర్చోకముందే రెండు ప్రశ్నలు అడగండి. ఈ రోజు తప్పనిసరిగా చేయవలసింది ఏమిటి, దానికి ఎంత? మిగతాది ఎప్పటిలోగా చేయాలి, దానికి ఎంత? నిజాయితీగల డాక్టరు ఎవరైనా ఈ ప్రశ్నకు విసుక్కోరు. మీ ఎక్స్-రేను ఫోనులోకి తీసుకోండి, అది మీ హక్కు, రెండో అభిప్రాయం అడగడానికి పనికొస్తుంది. కర్ణాటకలో 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ప్రకారం క్లినిక్ రిజిస్టర్ అయి ఉండాలి, చికిత్సల రేట్లను రోగులకు కనిపించేలా పెట్టాలి. డాక్టరు పేరు కింద పళ్ళ వైద్యపు డిగ్రీలైన బీడీఎస్ లేదా ఎండీఎస్, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి. బస్టాండ్ల దగ్గర డిగ్రీ లేకుండా పళ్ళు కట్టేవారి వద్దకు ఎంత చవకైనా వెళ్ళవద్దు. శుభ్రం చేయని పరికరాలతో హెపటైటిస్ బి, సి అంటుకుంటే, ఆ ఖర్చు ముందు పంటి ఖర్చు ఎంత.

మీకు చెప్పిన 14,000లో ఎక్కువ భాగం క్యాప్‌దే అయి ఉంటుందని నా అనుమానం. క్యాప్‌లలో పూర్తి లోహంది అన్నిటికంటే చవక. పింగాణీ పూసిన లోహపు క్యాప్ మధ్యస్థంగా, జిర్కోనియా అన్నిటికంటే ఖరీదుగా ఉంటాయి. మీది వెనక దవడ పన్ను. నవ్వితే కనిపించదు. అక్కడ లోహపు క్యాప్ గట్టితనంలో దేనికీ తీసిపోదు, పైగా దాని కోసం పన్నును తక్కువ అరగదీస్తే చాలు. రంగు గురించి పట్టింపు లేకపోతే లోహపు క్యాప్ వేయమని మీరే అడగండి. ఇది ఒక్కటే మీ బిల్లును వేలల్లో తగ్గించగలదు. నెలవారీ వాయిదాలు ఇస్తామని కొన్ని పెద్ద క్లినిక్కులు వెంటనే ఫోనులో లోను తెరిపిస్తాయి. సంతకం చేసేముందు ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, చికిత్స మధ్యలో మానుకుంటే లోను ఏమవుతుందో కాగితం మీద రాయించుకోండి.

పన్ను తీయించుకోవడం కూడా సరైన చికిత్సే. రూట్ కెనాల్, క్యాప్ రెండూ పూర్తి చేసే స్థోమత దగ్గరలో కనిపించకపోతే, సగం చేసి వదిలేయడం కన్నా పన్ను తీసేయడమే ఆరోగ్యానికి మంచిది. పన్ను తీశాక పక్క పళ్ళు ఆ ఖాళీ వైపు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది, నమలడం ఒకవైపే అలవాటవుతుంది. కాబట్టి మీ వయసులో నిలబెట్టుకోవడానికే నా ఓటు. కాని తీయించుకున్నవారిని తప్పుపట్టను. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్నది అపోహ. పన్నుకు వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. తీయించుకున్న తరువాత దూది ముక్కను అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టాలి, మాటిమాటికీ ఉమ్మకూడదు, 24 గంటలు పుక్కిలించకూడదు, సిగరెట్టు ముట్టుకోకూడదు. రక్తపు గడ్డ కదిలిపోతే మూడో రోజుకు చెవి దాకా లాగే నొప్పి వస్తుంది. గుండెకు రక్తం పలుచబరిచే మందులు వాడేవారు వాటిని తమంతట తాము ఆపకూడదు, డాక్టరుకు చెప్పి ఆ ఏర్పాట్లతోనే తీయించుకోవాలి.

పన్ను తెరిపించుకున్న తరువాత జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. నొప్పి పోయింది కదా అని నెలల తరబడి రారు. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాల కోసం మాత్రమే. అది అరిగి ఉమ్ము లోపలికి పోతే ఇన్ఫెక్షన్ మళ్ళీ మొదలవుతుంది. వేర్లలో పూర్తిగా ఫిల్లింగ్ చేయడం రెండు మూడు వారాలలో ముగించండి. ఆ తరువాత క్యాప్‌కు ఒక నెల అటూ ఇటూ సమయం దొరుకుతుంది. అంతవరకు ఆ వైపు గట్టివి నమలవద్దు. నరం తీసిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది, క్యాప్ లేకుండా చేగోడీలు, జంతికలు కొరికి పన్ను నిలువునా చీలిందంటే ఇక ఎవరూ నిలబెట్టలేరు, అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా వృథా. మీరు సంక్రాంతికి వెళ్ళేలోగా వేర్ల ఫిల్లింగ్ ఇక్కడ పూర్తయితే, క్యాప్ మాత్రం నంద్యాలలో వేయించుకోవచ్చు. ఎక్స్-రేలు, ఏ రోజు ఏం చేశారో రాసిన కాగితం వెంట తీసుకెళ్ళండి.

హెల్త్ ఇన్సూరెన్సు గురించి కూడా ఒక మాట. మామూలు పాలసీలలో పళ్ళ చికిత్సను, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప, మినహాయిస్తారు. కొన్ని కంపెనీల గ్రూప్ పాలసీలలో ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) కింద ఏటా కొంత మొత్తం విడిగా ఉంటుంది, అందులో డెంటల్ కూడా ఉండవచ్చు. హెచ్ఆర్‌ను "డెంటల్ ఉందా" అని కాకుండా "ఓపీడీ కవర్ ఉందా, అందులో డెంటల్ ఎంత" అని అడగండి.

దెబ్బ తగిలి పన్ను ఊడిపోయిన సందర్భం వేరు, అక్కడ గంటలు కాదు, నిమిషాలే లెక్క. మా వీధిలోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు సైకిలు మీద నుంచి పడి ముందు పన్ను వేరుతో సహా ఊడిపోయింది. వాళ్ళ అమ్మమ్మ దాన్ని తెల్లగా ఉన్న పైభాగం పట్టుకుని తీసి, ఒక గిన్నెలో నందిని పాల ప్యాకెట్ కత్తిరించి పోసి, పన్నును అందులో వేసి పిల్లవాడితో పాటు పరుగున తెచ్చారు. పావుగంటలో పన్ను తిరిగి దాని స్థానంలో కూర్చుంది. అలా ఊడిన పన్నును రుద్ది కడగకూడదు, వేరును వేళ్ళతో ముట్టకూడదు, గుడ్డలో చుట్టి ఎండనివ్వకూడదు. మట్టి అంటితే పాలతోనో, లేకపోతే చల్లని నీటితోనో కొన్ని క్షణాలు జార్చి, ధైర్యం ఉంటే అక్కడే గుంటలో పెట్టి శుభ్రమైన గుడ్డ కొరికి పట్టించాలి, లేదంటే పాలలో వేసి అరగంటలో డాక్టరును చేరాలి. ఇది శాశ్వత దంతాలకే. పాలపన్నును తిరిగి పెట్టకూడదు.

మళ్ళీ రాకుండా ఉండడానికి చేయవలసినవాటిలో, నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది రాత్రి పడుకునేముందు బ్రష్ చేయడం. నిద్రలో ఉమ్ము తక్కువ ఊరుతుంది, పళ్ళ మీద మిగిలిన తిండికి అడ్డూ ఆపూ ఉండదు. పేస్టులో ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం ఉండాలి, ట్యూబు మీద చూడండి. బ్రష్ చేశాక నురుగు ఉమ్మేసి ఊరుకోండి, నీళ్ళతో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా పోతుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవారు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయపడతారు, ఆ భయానికి కారణం ఉంది, తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బును అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు 1937లోనే నమోదు చేశారు. ఆ జబ్బు పళ్ళు, ఎముకలు ఏర్పడే వయసు నుంచి ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగడం వల్ల వచ్చేది. పేస్టుతో తోముకుని ఉమ్మేసే పెద్దవారికి ఆ భయం లేదు. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు వారికి బఠానీ గింజంత పేస్టు చాలు.

రెండవది, తీపి ఎంత తింటున్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తింటున్నారన్నది ముఖ్యం. ఆఫీసులో గంటకొక టీ, పక్కన రెండు బిస్కెట్లు, రాత్రి షిఫ్టులో కూల్‌డ్రింకు అనే అలవాటు ఉన్న కుర్రవాళ్ళకు ఒకేసారి ఆరేడు పళ్ళు పుచ్చిపోవడం చూస్తున్నాను. టీని భోజనాల దగ్గరికి జరపండి, మధ్యలో తాగితే చక్కెర లేకుండా తాగండి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయన్న మాట నమ్మవద్దు. గార వల్ల చిగురు ముందే జారి ఉంటుంది, గార తీసేసరికి ఆ సందు కనిపిస్తుంది, అంతే. ఏడాదికి ఒకసారైనా చూపించుకుంటే పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది, అప్పుడు వెయ్యి రూపాయల సిమెంటుతో ముగిసేది, ఏడాది ఆలస్యమైతే రూట్ కెనాల్ అవుతుంది.

చివరగా, మీ పీజీలో పై చదువులకు అమెరికా వెళ్ళే ప్రయత్నంలో ఉన్నవారు కొందరైనా ఉంటారు, వారికి ఇది చెప్పండి. అక్కడి విద్యార్థుల హెల్త్ ఇన్సూరెన్సులో డెంటల్ సాధారణంగా కలిసి ఉండదు, రూట్ కెనాల్, క్యాప్ ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. వీసా చేతికి వచ్చి షాపింగ్ మొదలైన వారంలో పరుగెత్తుకుంటూ మా దగ్గరికి వస్తారు, అప్పటికి ఒక ఫిల్లింగ్‌కు తప్ప దేనికీ సమయం మిగలదు. అడ్మిషన్ లెటర్ వచ్చిన నెలలోనే మొత్తం నోటికి ఒక ఎక్స్-రే తీయించుకుని, జ్ఞానదంతాలు అడ్డంగా ఉన్నాయేమో చూపించుకుంటే, తీయవలసినవి తీసి, గాయం మాని, క్యాప్ వేసుకుని విమానం ఎక్కడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది.